ఒకే హాలులో రెండు ప్రేక్షక లోకాలు

ఎ.ఆర్. రెహమాన్ సంగీతం కూర్చిన ‘బాంబే డ్రీమ్స్’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. విదేశీ విమర్శకులు పెదవి విరిచారు, మన అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు అని. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది కానీ జరిగింది అది కాదు. లండన్ విమర్శకుల్లో చాలామంది మెచ్చుకున్నది సంగీతాన్నే. వాళ్లు తప్పుపట్టింది కథను, సంభాషణలను. రెహమాన్ పాటలతో పెరిగిన శ్రోతల్లో మాత్రం అసంతృప్తి సంగీతం దగ్గరే మొదలైంది. ఇవి మేం ఎప్పుడో విన్న బాణీలే కదా, ఈ ప్రదర్శన కోసం కొత్తగా ఇచ్చిందేమిటని వాళ్ల ప్రశ్న. ఒకే వేదిక మీద అవే పాటలు వింటూ ఒకరు మెచ్చిన చోట ఇంకొకరు నొచ్చుకున్నారు. ఈ తారుమారుకు కారణం అభిరుచుల తేడా ఒక్కటే కాదని నా నమ్మకం. కథలో పాట ఏ స్థానంలో నిలబడాలి అన్న విషయంలో రెండు సంప్రదాయాలకు రెండు పద్ధతులున్నాయి. ‘బాంబే డ్రీమ్స్’ ఆ రెండింటిలో దేన్నీ పూర్తిగా ఎంచుకోలేదు. వచ్చిన స్పందనలన్నీ, పొగడ్తలూ తెగడ్తలూ కూడా, ఆ ఎంపిక జరగకపోవడం నుంచి పుట్టినవే.

ముందు ఆ కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 2001లో మీరా నాయర్ ‘మాన్‌సూన్ వెడ్డింగ్’ వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ గెలిచింది. 2002లో ‘లగాన్’ ఆస్కార్ తుది పోటీ దాకా వెళ్లింది, ‘దేవదాస్’ కాన్ చిత్రోత్సవంలో కనిపించింది. బ్రిటన్‌లో ‘బెండ్ ఇట్ లైక్ బెకమ్’ విడుదలై జనాన్ని ఆకట్టుకుంది. లండన్‌లోని సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణం ఆ వేసవిలో బాలీవుడ్ పేరుతో ప్రత్యేక సంబరమే జరిపింది. సరిగ్గా ఆ గాలి వీస్తున్నప్పుడు, 2002 జూన్ 19న, అపోలో విక్టోరియా థియేటర్‌లో ‘బాంబే డ్రీమ్స్’ మొదలైంది. 1930లో సినిమా హాలుగా కట్టిన భవనం అది. 1984 నుంచి ఆ ఏడాది జనవరి దాకా అక్కడ ఆండ్రూ లాయిడ్ వెబర్ మ్యూజికల్ ‘స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్’ ఆడింది. శేఖర్ కపూర్ ద్వారా రెహమాన్ పాటలు విన్న లాయిడ్ వెబర్ ఈసారి తాను స్వరాలు కట్టకుండా నిర్మాతగా నిలబడ్డాడు. రచన బ్రిటిష్ ఆసియన్ల జీవితాన్ని హాస్యంతో చెప్పి పేరు తెచ్చుకున్న మీరా సయాల్‌ది. ఆంగ్ల గీతాలు డాన్ బ్లాక్, దర్శకత్వం స్టీవెన్ పిమ్‌లాట్, నృత్యాలు ఆంథొనీ వాన్ లాస్ట్, ఫరా ఖాన్. దక్షిణాసియా మూలాలున్న నటీనటులతో నిండిన ఇంత పెద్ద ప్రదర్శన లండన్ వెస్ట్ ఎండ్‌కు కొత్త. సుమారు రెండేళ్లు, 2004 జూన్ 13 వరకు, అది ఆడింది.

కథ మనకు చిరపరిచితమే. ముంబయిలో పారడైజ్ అనే మురికివాడ. అక్కడి కుర్రాడు ఆకాశ్‌కు సినిమా హీరో కావాలని కల. బస్తీని కూల్చేస్తారన్న భయం ఒకపక్క, సినీ ప్రముఖుడి కూతురు ప్రియ మీద ప్రేమ ఇంకోపక్క. రాణి అనే తార, స్వీటీ అనే హిజ్రా స్నేహితురాలు, మంచివాడిలా కనిపించే ప్రతినాయకుడు. లండన్ విమర్శకులు ఎత్తి చూపిన లోపం ఇక్కడే ఉంది: పాత్రలు లోతుగా లేవు, మలుపులు ముందే తెలిసిపోతున్నాయి, సినిమాను ఆటపట్టిస్తోందా ఆరాధిస్తోందా తేలడం లేదు. మూడోది చాలా సరైన పరిశీలన అని నేననుకుంటాను. వేదిక మీద నీళ్లు చిమ్మే ఫౌంటెన్ల మధ్య తడిసిన బట్టల్లో ‘షకలక బేబీ’ పాట వచ్చినప్పుడు అది సినిమా షూటింగ్‌లో భాగంగా వస్తుంది. ప్రేక్షకుడికి అక్కడ గందరగోళం ఉండదు. ఇది సినిమా పాట, చూసి ఆనందించు అని ప్రదర్శనే చెబుతుంది. హాలు ఉప్పొంగేది అక్కడే. అదే ఆకాశ్, ప్రియ తమ మనసు విప్పుకోవాల్సిన చోట ఆంగ్లంలో ఒక ప్రణయ గీతం వస్తే, దాన్ని సినిమా పాటగా తీసుకోవాలా, పాత్ర అంతరంగంగా తీసుకోవాలా అన్నది తెలియదు. విమర్శకుల చెవి అక్కడే తడబడింది.

పాశ్చాత్య మ్యూజికల్‌లో పాట చేయాల్సిన పని ఏమిటో తెలిస్తే వాళ్ల ఫిర్యాదు అర్థమవుతుంది. 1943లో రాడ్జర్స్, హామర్‌స్టయిన్ జంట ‘ఓక్లహోమా!’ చేసినప్పటి నుంచి బ్రాడ్‌వే ఒక నియమాన్ని గట్టిగా పట్టుకుంది. పాట మొదలైనప్పుడు పాత్ర ఉన్న చోటు వేరు, పాట ముగిసేసరికి చేరిన చోటు వేరుగా ఉండాలి. అంటే పాటలోనే ఒక నిర్ణయం జరగాలి, ఒక రహస్యం బయటపడాలి, ఒక సంబంధం మారాలి. పాటను తీసేస్తే కథ తెగిపోవాలి. మన పద్ధతి వేరు. మన సినిమాల్లో పాట చాలాసార్లు కథను ముందుకు నడపదు, ఒక్క క్షణాన్ని పట్టుకుని దాన్ని సాగదీసి రసం పిండుతుంది. తెలుగువాళ్లకు ఇది సినిమాతో వచ్చిన అలవాటు కూడా కాదు. పద్యనాటకాల రోజుల్లో శ్రీకృష్ణ రాయబారం మధ్యలో నటుడు రాగం ఎత్తుకుంటే రాయబారం ఆగిపోయేది. ‘వన్స్‌మోర్’ అని జనం అరిస్తే అదే పద్యం మళ్లీ పాడేవాడు. కురుసభ అంతసేపూ ఎదురుచూసేది, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. కథ ఎలా ముగుస్తుందో తెలిసిన ప్రేక్షకుడు గొంతు కోసం, ఆ గొంతులో పలికే భావం కోసం వచ్చేవాడు. ఈ రెండు పద్ధతుల్లో ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువది అనడానికి లేదు. కానీ ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలిస్తే తప్పకుండా లోటు కనిపిస్తుంది.

ఇక ఈ ప్రదర్శనలో పాత బాణీలే ఉన్నాయన్న అభిమానుల ఫిర్యాదు. ‘ఛయ్య ఛయ్య’ 1998 నాటి ‘దిల్ సే’ లోది. ‘షకలక బేబీ’ 1999లో శంకర్ తీసిన ‘ముదల్వన్’ లోది, మనకు ‘ఒకే ఒక్కడు’ ద్వారా తెలిసిందే. ‘లవ్స్ నెవర్ ఈజీ’ అనే పాటలో ‘తాళ్’ సినిమాలోని ‘ఇష్క్ బినా’ బాణీ వినిపిస్తుంది. పాత బాణీలు వాడడమే నేరమనే వాదన నిలబడదు. 1999లో లండన్‌లో మొదలైన ‘మమ్మా మియా!’ మొత్తం ఆబా బృందం పాత పాటలతోనే అల్లింది, ఎవరూ మోసపోయామనలేదు. అక్కడ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ అవి పాతవని తెలుసు. ఏ పాట ఏ సందర్భంలో దూరుతుందా అని ఎదురుచూడడమే సగం వినోదం. ‘బాంబే డ్రీమ్స్’ హాల్లో అలా లేదు. లెస్టర్ నుంచో సౌతాల్ నుంచో వచ్చిన భారతీయ మూలాల కుటుంబం ‘ఛయ్య ఛయ్య’ తాళం మొదలవగానే తనకు తెలిసిన లోకంలోకి వెళ్లిపోతుంది. పక్క సీట్లో కూర్చున్న ఆంగ్లేయుడికి ఆ పాట ఇప్పుడే పుట్టింది. ఒకరికి జ్ఞాపకం, ఇంకొకరికి ఆవిష్కారం. జ్ఞాపకంతో వచ్చినవాడు మూలంతో పోల్చి చూస్తాడు, సుఖ్విందర్ సింగ్ గొంతు లేదే అనుకుంటాడు. కొత్తగా విన్నవాడికి ఆ లోటు తెలియదు, ఆ తాళం ధాటికి కొట్టుకుపోతాడు. కాబట్టి ఆంగ్ల విమర్శకుడు సంగీతాన్ని మెచ్చడం, రెహమాన్ అభిమాని నొచ్చుకోవడం వింతేమీ కాదు. ఇద్దరూ నిజాయితీగానే స్పందించారు.

అభిమానుల అసంతృప్తిలో దీనికన్నా బలమైన భాగం ఇంకొకటుంది. అది భాషకూ బాణీకీ మధ్య పొంతన. డాన్ బ్లాక్ సామాన్యుడు కాదు. ‘బార్న్ ఫ్రీ’ పాటకు ఆస్కార్ అందుకున్నవాడు, జేమ్స్ బాండ్ సినిమాల టైటిల్ గీతాలు రాసినవాడు, లాయిడ్ వెబర్‌తో ‘సన్‌సెట్ బుల్వార్డ్’ చేసినవాడు. అయినా కట్టి ఉన్న బాణీకి ఆంగ్లం కూర్చడంలో ఒక ఇబ్బంది ఉంది. తెలుగు శ్రోతలు దీన్ని ఎవరికన్నా బాగా పట్టుకోగలరు, ఎందుకంటే రెహమాన్ తొలి రోజుల పాటలు మనకు అనువాద చిత్రాల ద్వారానే చేరాయి. ‘రోజా’, ‘ప్రేమికుడు’లకు రాజశ్రీ, ‘బొంబాయి’కి వేటూరి తెలుగు మాటలు కూర్చారు. పెదవుల కదలికకూ స్వరానికీ కట్టుబడి రాస్తూనే వాటిని తెలుగు పాటలుగా నిలబెట్టారు. తమిళానికీ తెలుగుకూ ఆ వెసులుబాటు ఉంది. దీర్ఘాలు దీర్ఘాల మీద కూర్చుంటాయి, అచ్చులతో ముగిసే మాటను రాగం ఎంతసేపైనా లాగవచ్చు, గమకం తిరగడానికి చోటు దొరుకుతుంది. ఆంగ్లం ఊనికతో నడిచే భాష. చాలా మాటలు హల్లుతో ఠక్కున ఆగిపోతాయి. పల్లవి పదే పదే తిరిగొచ్చే మన పాట కట్టడిలో ఆ మాటలు పెడితే నాలుగోసారి వచ్చేసరికి అర్థం అరిగిపోయినట్టుంటుంది. తెలుగులోనో హిందీలోనో తిరిగొచ్చిన పల్లవి ప్రతిసారీ కొత్త సంగతితో వస్తుంది కనుక విసుగు పుట్టదు. ఆంగ్ల గాయకుడికి ఆ సంగతులు వేసే శిక్షణ ఉండదు. గీతాలు పేలవంగా ఉన్నాయని విమర్శకులు రాసినప్పుడు వాళ్లు కాగితం మీది మాటను చూశారు. లోపం మాటలో కన్నా మాటకూ స్వరానికీ కుదిరిన లంకెలో ఎక్కువగా ఉంది. ఈ వేదిక మీద ఆంగ్లంలోనే పుట్టినట్టు వినిపించే ‘ద జర్నీ హోమ్’ లాంటి పాట చాలామంది మనసులో నిలిచిపోవడం దీనికి నిదర్శనం. రెహమాన్ తన కచేరీల్లోనూ దాన్ని పాడాడు.

దీనికి తోడు ధ్వని సంగతి. రెహమాన్ పాటలో స్వరం ఎంతో, దాని చుట్టూ పొరలుపొరలుగా పేర్చిన నాదం అంత. కోడంబాక్కం స్టూడియోలో రాత్రుళ్లు కూర్చుని ఒక్కో శబ్దాన్నీ ఎంచి అమర్చే పద్ధతి అది. గాయకుడి గొంతు ఒకరిది, తెర మీద ముఖం ఒకరిది. రంగస్థలం మీద ఆ వీలు లేదు. ఎగురుతూ, ఆడుతూ, వారానికి ఎనిమిది ప్రదర్శనల్లో నటుడే పాడాలి. వాద్యబృందం ప్రతి రాత్రీ కళ్లముందు వాయించాలి. నేపథ్య గానం మీద ఆధారపడిన కళ నేపథ్యం లేని చోటికి వెళ్లినప్పుడు ఏదో తగ్గినట్టు అభిమానికి అనిపించడం సహజం. అది ఆ నటుల వైఫల్యం కాదు.

2004 ఏప్రిల్ 29న న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్‌లో ఈ ప్రదర్శన మొదలైనప్పుడు జరిగింది నా వాదనకు అన్నిటికన్నా బలమైన ఆధారం. లండన్ విమర్శలను నిర్మాతలు మనసుకు తీసుకున్నారు. ‘ఆనీ’, ‘ద ప్రొడ్యూసర్స్’, ‘హెయిర్‌స్ప్రే’ రచనల్లో చేయి ఉన్న థామస్ మీహన్‌ను మీరా సయాల్‌కు తోడుగా తెచ్చి కథను తిరగరాయించారు. పాటల వరుసను మార్చారు. మను నారాయణ్, అనిషా నాగరాజన్, మధుర్ జాఫ్రీ లాంటివాళ్లు నటించారు. ఇంత సరిదిద్దినా న్యూయార్క్ స్పందన లండన్ కన్నా చల్లగా ఉంది. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు బెన్ బ్రాంట్లీకి నచ్చలేదు. ఆ నగరంలో ఆ పత్రిక మాట టికెట్ల మీద చూపే ప్రభావం చాలా ఎక్కువ. టోనీ అవార్డులకు మూడు నామినేషన్లు వచ్చాయి: నృత్యాలకు, దుస్తులకు, వాద్య సమ్మేళనానికి. ఉత్తమ మ్యూజికల్‌కు లేదు, కథకు లేదు, స్వరరచనకూ లేదు. 284 ప్రదర్శనల తర్వాత 2005 జనవరి 1న మూతపడింది. కళ్లకూ చెవులకూ ఇంపైన కొన్నిటికి గుర్తింపు దక్కింది, పాటనూ కథనూ కలిపి కుట్టే చోట గుర్తింపు దొరకలేదు. కథను బ్రాడ్‌వే కొలతకు కత్తిరించారు కానీ పాటలు సినిమా కొలతకు పుట్టినవి. కథ ఎంత మెరుగైనా ఆ అతుకు కనిపిస్తూనే ఉంది.

దీనికి ఎదురు వాదన ఉంది. లండన్‌లో దక్షిణాసియా జనం ఎక్కువ, వాళ్ల మూడో తరం కూడా అక్కడే పెరిగింది, అందుకే ఆడింది, అంతకుమించి సిద్ధాంతాలు అక్కరలేదు అంటారు. లాయిడ్ వెబర్ పేరు లండన్‌లో చేసిన మేలూ తక్కువ కాదంటారు. ఒప్పుకుంటాను. ఖర్చుల తీరు కూడా అట్లాంటిక్‌కు రెండు వైపులా ఒకటి కాదు. కానీ ఇవన్నీ ఎన్ని రోజులు ఆడిందన్న ప్రశ్నకు జవాబులు. చూసినవాళ్లు ఏ విషయాన్ని మెచ్చారు, దేన్ని తప్పుపట్టారు అన్నదానికి కావు. రెండు నగరాల్లోనూ, వేర్వేరు కథనాలతోనూ, ఫిర్యాదు ఒకే చోట ఎందుకు పడింది? జనాభా లెక్కలు దానికి సమాధానం చెప్పలేవు.

ఇంకో వాదన మరింత ఆవేశంగా వినిపిస్తుంది. తెల్ల విమర్శకుడికి మన భావోద్వేగం అతిగా కనిపిస్తుంది, మన మెలోడ్రామాను అతను వెటకారంగా తప్ప చూడలేడు అని. ఇందులో నిజం లేకపోలేదు. మిరుమిట్లు గొలిపే రంగులు, తడి చీరలు, మురికివాడ అన్నవాటినే భారతదేశంగా చూడడానికి అలవాటుపడిన కళ్లు అక్కడ ఉన్నాయి. ఆ మాటకొస్తే ఈ ప్రదర్శన ఆ అలవాటునే పెంచిందన్న బాధ బ్రిటిష్ ఆసియన్లలోనూ కొందరికి ఉంది, ఆ బాధను కొట్టిపారేయకూడదు. అయితే ముందే ఏర్పడిన దురభిప్రాయమే మొత్తం కారణమైతే ఆ తర్వాత జరిగినవాటికి అర్థం చెప్పలేం. 2006లో స్పైక్ లీ తన ‘ఇన్‌సైడ్ మ్యాన్’ను ‘ఛయ్య ఛయ్య’తో మొదలుపెట్టాడు, న్యూయార్క్ బ్యాంకు దోపిడీ కథ అది. 2009 ఫిబ్రవరిలో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, వాటిలో రెండు రెహమాన్‌వి. అదీ ముంబయి మురికివాడే, అదీ అదృష్టాన్ని నమ్ముకున్న కుర్రాడి ప్రేమకథే. అదే అతిశయం, అవే యాదృచ్ఛికాలు. న్యూయార్క్‌లో 2004లో మింగుడుపడనిది అయిదేళ్లకు అపురూపమైంది. తేడా ఎక్కడంటే, డానీ బాయిల్ ‘జై హో’ను కథంతా అయిపోయాక, పేర్లు పడుతున్నప్పుడు, రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పెట్టాడు. కథ మోయాల్సిన బరువేదీ దాని మీద పెట్టలేదు. పాటను పాటగా వినమన్నాడు. పాశ్చాత్య ప్రేక్షకుడు ఆనందంగా విన్నాడు. 2023లో కీరవాణి ‘నాటు నాటు’ ఆస్కార్ వేదికను ఊపినప్పుడు దానికి పట్టు దొరికింది ఇంకో దారిలో: సినిమాలో ఆ పాట ఒక పోటీ, ఎవరు గెలుస్తారన్నది ఆ ఆటలోనే తేలుతుంది. దారి ఏదైనా స్పష్టంగా ఎంచుకుంటే ప్రేక్షకుడు వెంట నడుస్తాడు.

అభిమానుల కోపం అన్నిసార్లూ సంగీతం మీదే ఉండదని కూడా గమనించాలి. 2022లో అమెరికాలోని శాన్ డియేగోలో ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ ఆధారంగా, విశాల్–శేఖర్ సంగీతంతో, ఆదిత్య చోప్రా ‘కమ్ ఫాల్ ఇన్ లవ్’ వేదిక మీదికి తెచ్చాడు. షారుఖ్ ఖాన్ చేసిన పాత్ర తెల్లజాతి యువకుడిగా మారడంతో పాటలు వినకముందే అభిమానులు భగ్గుమన్నారు. మరోవైపు, విశాల్ భరద్వాజ్ సంగీతంతో మీరా నాయర్ తన ‘మాన్‌సూన్ వెడ్డింగ్’ను 2017లో బర్కిలీలో, ఆ తర్వాత దోహాలో, 2023లో బ్రూక్లిన్‌లో మళ్లీ మళ్లీ మలిచింది. ఇలా ఏళ్ల తరబడి రచయిత పక్కన కూర్చుని పాటను చెరిపి రాయడమే మ్యూజికల్ రంగం పని తీరు. తీరిక దొరకని సినీ సంగీత దర్శకుడికి అది కొత్త.

రెహమాన్ రెండో పెద్ద రంగస్థల ప్రయత్నం ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’. 2006 మార్చిలో టొరంటోలో, 2007 జూన్ 19న లండన్ డ్రూరీ లేన్‌లో మొదలైంది. ఇక్కడ అతను ఒంటరి కాదు, ఫిన్లాండ్ జానపద బృందం వార్టినా, క్రిస్టఫర్ నైటింగేల్ తోడున్నారు. టొరంటోలో దాదాపు 2.8 కోట్ల కెనడా డాలర్ల ఖర్చు, మూడున్నర గంటల నిడివి. విమర్శకులు నిర్దాక్షిణ్యంగా రాశారు, ఆరు నెలలు నిండకముందే ఆగిపోయింది. కుదించి లండన్‌కు తెస్తే 2008 జూలై దాకా నడిచింది. యంత్రాలతో తిరిగే వేదిక ఘనత గురించి అందరూ మాట్లాడారు, సంగీతం గురించి చాలా తక్కువ. రెహమాన్ అభిమానులు ఇందులో తమవాడి ముద్ర ఏ స్వరంలో ఉందా అని వెతుక్కున్నారు, దొరకక చిన్నబోయారు. ఆ నిరాశ నాకు అర్థమవుతుంది కానీ సమర్థించలేను. ముగ్గురు కలిసి ఒక ఊహాలోకానికి నాదం కడుతున్నప్పుడు ఎవరి సంతకం వాళ్లు పెట్టకపోవడమే మంచి పని.

అదే సంగీతం 2023లో ఇంగ్లండ్‌లోని న్యూబరీ దగ్గర, పాత పిండిమర నుంచి మలిచిన వాటర్‌మిల్ థియేటర్‌లో మళ్లీ వినిపించింది. రెండు వందల పైచిలుకు సీట్లు మాత్రమే. దర్శకుడు పాల్ హార్ట్ వేరే వాద్యబృందాన్ని పెట్టకుండా నటుల చేతికే ఫిడేళ్లు, వేణువులు, డోళ్లు ఇచ్చాడు. విందు సన్నివేశం తోటలో ప్రేక్షకుల మధ్యే జరిగింది. హాబిట్లు పాడుతున్నది తమ ఊరి పాట అని, వాళ్లు ప్రయాణంలో వెంట తీసుకెళుతున్నది ఆ పాటనే అని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. సమీక్షలు ఆప్యాయంగా వచ్చాయి, ఈసారి సంగీతం పేరెత్తి మరీ. తర్వాతి ఏడాది షికాగోకు, ఆక్లండ్‌కు వెళ్లింది. చిన్న హాలులో ఏదైనా ముద్దుగానే ఉంటుందని ఎవరైనా అనవచ్చు. కానీ సీట్ల సంఖ్యతో పాటు ఇక్కడ ఇంకొకటీ మారింది. ఎవరు పాడుతున్నారు, ఎవరి కోసం, కథలో ఏ అవసరానికి అన్నది ప్రతి పాటలోనూ కళ్లకు కట్టింది. ‘బాంబే డ్రీమ్స్’ను ఎవరైనా మళ్లీ చేపడితే ఫౌంటెన్ల కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. పాట ఎత్తుకున్నప్పుడు ఆకాశ్ కెమెరా ముందు ఉన్నాడా, పారడైజ్ బస్తీలో తన వాళ్ల ముందు ఉన్నాడా?